ఉప్పెన తర్వాత తీసిన ఫొటోలు

రేపల్లె స్టేషన్ నుంచి బజార్లోకి వచ్చే దారిలో, మందుల షాపు పక్కన మేడమెట్ల కింద రజాక్ స్టూడియో ఉంది. బోర్డు మీద రంగు వెలిసిపోయి చాలాకాలమైంది. ఇప్పుడు దాన్ని నడిపేది రజాక్ గారి కొడుకు ముబారక్. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పాస్‌పోర్టు ఫొటోలు, జెరాక్సులు, లామినేషన్లు, వీటితోనే ఇల్లు గడుస్తుంది. కానీ చుట్టుపక్కల జనం అతన్ని గుర్తుపెట్టుకున్నది వేరే పనికి.

పాత ఫొటోలంటే అతనికి పిచ్చి. ఎవరైనా పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, వెళ్ళి అటక కింద నిలబడేవాడు. "అమ్మా, పారేసే ఫొటోలేమైనా ఉంటే పారేసేముందు నాకొకసారి చూపించండమ్మా" అని అడిగేవాడు. తెచ్చుకుని, దుమ్ము తుడిచి, స్కాన్ చేసి, మళ్ళీ ఎవరివి వాళ్ళకి భద్రంగా ఇచ్చేసేవాడు. అలా ఏళ్ళ తరబడి పోగయ్యాయి. తెనాలి కాలవలో వరుసగా ఆగిన పడవలు. పెనుమూడి రేవులో ఎడ్లతో సహా బల్లకట్టు ఎక్కిన బండి. బాపట్ల బడిముందు ఎండకి కళ్ళు చికిలించిన నిక్కర్ల పిల్లలు. కిరీటాలు పక్కన పెట్టి బీడీలు కాలుస్తున్న నాటకాల రాజులు. షాపు వెనకే ఉన్న ఇంట్లో మంచాల కిందా బీరువాల మీదా అన్నీ ఇవే. "ఇది ఇల్లా, ఊరందరి అటకా?" అని భార్య సుల్తానా విసుక్కునేది. విసుక్కుంటూనే, చెప్పుల షాపుకి వెళ్ళినప్పుడల్లా డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు అడిగి తెచ్చి ఫొటోల మధ్య పెట్టేది.

అన్నిట్లో ఒక్క రేకు పెట్టె జోలికి మాత్రం ముబారక్ ఎక్కువగా వెళ్ళేవాడు కాదు. అది తండ్రిది.

రజాక్ గారు తెనాలిలో ఓ స్టూడియోలో నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో మచ్చలు చెరిపే పని నేర్చుకుని, రేపల్లె వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ళమీదికి వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. మూడోనాడో నాలుగోనాడో జీపులో ఎవరో అధికారి వచ్చి, "రేపు ఎవరైనా తమవాళ్ళని వెతుక్కుంటూ వస్తే చూపించడానికి ముఖాలైనా ఉండాలి కదయ్యా" అని ఆయన్ని ఎక్కించుకుపోయాడు. నిజాంపట్నం అవతల తుమ్మచెట్లకి చిక్కుకున్నవాళ్ళని, చేలల్లో బోర్లా పడ్డవాళ్ళని, తగలబెట్టేలోపు, పూడ్చేలోపు ఒక్కొక్కరినీ ఫొటో తీశాడాయన. రీళ్ళు అయిపోయేదాకా తీశాడు. తిరిగొచ్చిన తండ్రి పెరట్లో కూర్చుని చేతులు ఎంతసేపు కడుక్కున్నాడో ముబారక్‌కి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. అప్పటికి తను బడికెళ్ళే పిల్లాడు.

ఆ తర్వాత రజాక్ గారు చావింటికి ఫొటో తీయమని ఎవరు పిలిచినా వెళ్ళలేదు. అధికారులు పట్టుకెళ్ళిన ప్రింట్లు ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. నెగెటివ్‌లూ, ఒక్కో చిన్న ప్రింటూ మాత్రం పెట్టెలో ఉండిపోయాయి. మంచాన పడ్డాక ఆయన కొడుక్కి ఒకే మాట చెప్పాడు. "అడిగినవాళ్ళకి చూపించు. అడక్కుండా ఎవరికీ చూపించకు." అందుకే ముబారక్ వాటిని కంప్యూటర్లోకి కూడా ఎక్కించలేదు.

కొత్త జిల్లా వచ్చిన తర్వాత బాపట్లలో కొందరు పెద్దలు కలిసి వారసత్వ ఉత్సవం చేద్దామనుకున్నారు. ఆ కమిటీకి పెద్ద పూర్ణచంద్రరావు, కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయిన మాష్టారు. ఆయనే స్వయంగా స్టూడియోకి వచ్చాడు.

"మన చరిత్ర మనం చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు ముబారక్ గారూ? హాలంతా మీకే ఇచ్చేస్తాం. మీ ఫొటోలే మాకు అలంకారం."

ముబారక్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇన్నాళ్ళ తన పిచ్చికి ఒక పేరొచ్చింది. ఉన్నవన్నీ చూపించాడు. మాష్టారు ఒక్కోటీ చూసి "ఆహా" అంటుంటే ప్రాణం లేచొచ్చింది. చివర్న, ఉండబట్టలేక, "ఉప్పెనవి కూడా ఉన్నాయండి. నాన్నగారు తీసినవి" అన్నాడు.

"శవాలా?"

"చాలావరకు అవేనండి."

"పండగలో శవాలేంటండీ! పిల్లలొస్తారు, ఆడవాళ్ళొస్తారు. మనం సంబరం చేసుకుంటున్నాం" అన్నాడు మాష్టారు మెత్తగానే.

తండ్రి మాట నిలబడ్డందుకు ముబారక్‌కి ఊరటగానే అనిపించింది. అయినా మనసులో ఎక్కడో కలుక్కుమంది. ఇంత ప్రాంతం, ఇంత చరిత్ర చెప్పుకుంటూ, ఆ ఒక్క రాత్రి జరగనట్టే ఊరుకోవడమేంటి? బతిమాలి ఒక ఫొటోకి ఒప్పించాడు. అందులో శవాలు లేవు. గంజి కోసం వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు. గిన్నెలు లేక కొందరి చేతుల్లో కొబ్బరిచిప్పలున్నాయి. వెనకాల తల విరిగిన తాడిచెట్టు. దాన్ని హాలులో తలుపు వెనక మూలకి పెట్టారు.

ఉత్సవం రెండో రోజు మధ్యాహ్నం ఆ మూల ఒకామె నిలబడిపోయింది. యాభై దాటిన మనిషి, ముతక చీర, చేతినిండా మట్టిగాజులు. పక్కన ఉన్న కూతురు "పదమ్మా" అని రెండుసార్లు లాగినా కదల్లేదు. ముబారక్ దగ్గరికి వెళ్ళాడు.

"ఇది తీసిందెవరండీ?" అని అడిగిందామె.

"మా నాన్నగారమ్మా."

"ఇంకా ఉన్నాయా?"

ముబారక్ పటం వంకర సరిచేశాడు. ఆమె అతని ముఖంలోకి చూసి, "చచ్చిపోయినోళ్ళవి ఉన్నాయా అన్నయ్యగారూ?" అని సూటిగా అడిగేసింది.

ఆమె పేరు వెంకటరత్నమ్మ. తెనాలి మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. పుట్టింది మాత్రం సముద్రపొడ్డున ఒక పాలెంలో. ఇప్పుడా పేరుతో ఊరే లేదు. ఉప్పెననాటికి ఐదేళ్ళ పిల్ల. ఆ రాత్రి అంగలకుదురులో మేనత్త ఇంట్లో ఉండబట్టి బతికింది. అమ్మా నాన్నా ఇద్దరు తమ్ముళ్ళూ పోయారు. ఎవరి శవమూ దొరకలేదు. పెంచిన మేనత్త కూడా పోయి చాలా ఏళ్ళయింది.

"అమ్మ ముఖం నాకు గుర్తులేదండీ. చెయ్యి గుర్తుంది. అన్నం కలిపే చెయ్యి. ముఖం చూద్దామంటే అక్కడికొచ్చేసరికి ఏమీ కనపడదు" అందామె. కూతురు నాగజ్యోతి బాపట్లలోనే కాపురం ఉంటుంది. అమ్మ ఇలా మాట్లాడ్డం ఎప్పుడూ వినలేదేమో, లాగుతున్న చెయ్యి వదిలేసింది.

అడిగినవాళ్ళకి చూపించమన్నాడు తండ్రి. "రేపల్లె రండమ్మా" అన్నాడు ముబారక్.

ఉత్సవం అయిపోయిన వారంలోనే తెనాలి ప్యాసింజరు దిగి ఒంటరిగా వచ్చింది వెంకటరత్నమ్మ. సుల్తానా టీ ఇచ్చి, షాపు తలుపు సగం వేసి, ఆమె పక్కనే చాప మీద కూర్చుంది. ముబారక్ ఆడవాళ్ళ ఫొటోలు మాత్రం వేరుచేసి ఇచ్చాడు. ఉబ్బిన ముఖాలు, మట్టి కొట్టుకున్న జుట్లు. సుల్తానా ఒకటి చూసి తల తిప్పేసుకుంది. వెంకటరత్నమ్మ తిప్పుకోలేదు. ఒక్కోదాన్నీ రెండు చేతులతో పట్టుకుని, చూసి, మెల్లగా బోర్లా పెట్టింది.

ఒకచోట ఆగింది. ఇసకలో వెల్లకిలా పడుకున్న పాతికేళ్ళ మనిషి. అంతమందిలోనూ ఆమె ఒక్కతే నిద్రపోతున్నట్టు ఉంటుంది.

"ఈమే" అంది వెంకటరత్నమ్మ. "మా అత్త అనేది, నీది అచ్చం మీ అమ్మ పోలికే అని. చూడండి వదినా. ఈ గడ్డం చూడండి. నేను పెళ్ళినాడు ఇట్టాగే ఉన్నా."

సుల్తానా చూసింది. నిజంగానే పోలిక ఉంది. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

ముబారక్ మాత్రం చేతిలో ఉన్న ఫొటోలు కింద పెట్టేశాడు. ఆ ముఖం అతనికి బాగా తెలుసు, వేరుచేసేటప్పుడు తీసి పక్కన పెట్టాలని తోచలేదంతే. ఉప్పెన వచ్చిన మరుసటేడు లాజరు అనే రైతుకూలీ స్టూడియోకి వచ్చి, ఇదే ఫొటో గుండెలకి పొదువుకుని "మా అక్కండీ" అని ఏడ్చాడు. రజాక్ గారు దాన్ని పెద్దది చేసి, సన్న కుంచెతో మూసిన కళ్ళని తెరిచినట్టు దిద్ది, చీర అంచుకి రంగేసి, బతికున్న మనిషిలా చేసి ఇచ్చాడు. ఆ కళ్ళు దిద్దుతుంటే దీపం పట్టుకున్నది ముబారకే.

"పెద్దది చేసివ్వడానికి కొంచెం టైము పడుతుందమ్మా. వారం ఆగండి" అన్నాడు. ఆమె వెళుతూ వెళుతూ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

తలుపు వేసి ముబారక్ సంగతి చెప్పాడు. సుల్తానా టీ గ్లాసులు తీసి పక్కన పెట్టింది.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అంది. "ఆవిడ గోడకి ఆవిడ తగిలించుకుంటుంది. లాజరు వాళ్ళ గోడ మీద వాళ్ళకుంటుంది. ఎవరికి నష్టం?"

"లాజరుకి ఇచ్చింది నాన్నే సుల్తానా. ఇప్పుడు నేనే ఈ చేతులతో ఇంకొకరికిస్తే..."

"మీ నాన్న కళ్ళు తెరిపించలేదూ? అది నిజమా?"

ఆ వారంలో ముబారక్ పెద్దది చేసే పని మొదలుపెట్టలేదు. ఇన్నేళ్ళుగా ఎవరింటికి వెళ్ళినా, ఈ ఫొటోలో ఉన్నదెవరు, ఏ ఊరు, ఏ కాలం అని గుచ్చిగుచ్చి అడిగిన మనిషి తను. ఎవరైనా పేరు తప్పు చెబితే పట్టుబట్టి దిద్దించినవాడు. ఇప్పుడు తప్పని తెలిసీ ఊరుకోమంటోంది మనసు. ఒకవేళ లాజరే పొరపడ్డాడేమో అన్న చిన్న ఆశ పట్టుకుని, స్కూటరేసుకుని అతని ఊరికి వెళ్ళాడు.

లాజరు డెబ్భైకి చేరువలో ఉన్నాడు. గోడమీద సిలువ పక్కన ప్లాస్టిక్ పూలదండతో ఆ పటం ఉంది. దిద్దిన కళ్ళు ఎవరినీ చూడకుండా ఎటో చూస్తున్నాయి. ముబారక్ తడబడుతూ విషయం కదిపాడు.

"మా అక్క ముఖం నాకు తెలీదా?" లాజరు గొంతు పెరిగింది. "అదిగో, ఎడమ కనుబొమ చూడు. చీలి ఉంటుంది. చిన్నప్పుడు గేదె కొమ్ము తగిలింది. కుట్లు వేయించింది మా నాన్న. మార్తమ్మ కాదంటే ఇంకెవరు?"

"నేను కాదనట్లేదు బాబాయ్. ఆమె పాపం..."

"పాపమే. నాకూ పాపమే. కానీ మా అక్కని ఇంకొకరి అమ్మని చేస్తే నేనూరుకోను బాబూ. పేరొక్కటే మిగిలింది దానికి."

ఇంటికొచ్చి అసలు ప్రింటుని భూతద్దం కింద పెట్టాడు. కనుబొమ మధ్యలో సన్నటి గీత. ప్రింటు మీద గీరుకుపోయిన గీత అనుకున్నది చర్మం మీదిదే.

ఆమెని మళ్ళీ రేపల్లె రప్పించడం ఇష్టంలేక తనే తెనాలి వెళ్ళాడు. చేపల మార్కెట్లో వెంకటరత్నమ్మ గోనెపట్టా మీద ఎండుచేపలు కుప్పలు పోసి కూర్చుంది. అతన్ని చూడగానే ముఖం వెలిగిపోయింది. "మీరెందుకొచ్చారు అన్నయ్యగారూ, నేనే వచ్చేదాన్నిగా!" అని, పక్కామెతో "మా అమ్మ ఫొటో తెచ్చారు" అని చెప్పింది. అప్పటికే మార్కెట్లో అందరికీ చెప్పుకున్నట్టుంది.

ముబారక్ కింద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పాడు. లాజరు సంగతి, కనుబొమ సంగతి అన్నీ చెప్పాడు. ఆమె వింటున్నంతసేపూ చేతిలో ఉన్న చేపని తోకనుంచి తలదాకా నిమురుతూనే ఉంది. బేరానికి వచ్చినామె రేటు అడిగి, జవాబు రాక వెళ్ళిపోయింది.

"ఎందుకు చెప్పారు?" అంది.

"తప్పు కదమ్మా..."

"చెప్పకపోతే మీ సొమ్మేం పోయేది? ఈ వారం రోజులూ పడుకునేముందు కళ్ళు మూసుకుంటే నాకు అమ్మ కనపడింది. ముఖంతో సహా కనపడింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఎవరు కనపడాలి? ఎవరి అక్కో కనపడాలా?" ఆమె గొంతు మార్కెట్ అంతా వినపడింది. "ఏళ్ళ తరబడి లేదు. లేదని అలవాటు పడిపోయా. ఇచ్చి లాక్కున్నారు. పొండి. ఇంకెప్పుడూ రావొద్దు."

రేపల్లె రైలు ఎక్కిన సంగతి కూడా ముబారక్‌కి సరిగ్గా తెలీదు. వేమూరు దాటాక కిటికీలోంచి చేలు చూస్తూ ఉంటే, నిజం చెప్పానన్న తృప్తి ఎక్కడా దొరకలేదు. దొంగతనం చేసి వస్తున్నట్టే ఉంది.

ఈ కథ నాగజ్యోతి ద్వారా పూర్ణచంద్రరావు చెవిన పడింది. ఒకరోజు ఆయన ఫోన్ చేశాడు. గొంతులో హుషారు దాగట్లేదు.

"ముబారక్ గారూ, నేనప్పుడు పొరపాటు పడ్డాను. వచ్చే ఉత్సవంలో ఉప్పెనకి విడిగా ఒక గది పెడదాం. మధ్యలో ఆ ఫొటో. ఒకే ముఖం, రెండు కుటుంబాలు! లాజరునీ, ఆ చేపలావిడనీ వేదిక మీదకి పిలిచి శాలువాలు కప్పుదాం. టీవీవాళ్ళొస్తారు. రాష్ట్రం మొత్తం మనవైపు చూస్తుంది."

"కుదరదండి."

"అదేంటండీ? ఆరోజు మీరేగా పెట్టమన్నారు?"

"ఆరోజు తెలీదండి."

మాష్టారికి కోపం వచ్చింది. "చరిత్ర మీ ఇంటి ఆస్తి కాదు. ఆ నెగెటివ్‌లు బూజు పట్టిపోతే ఆ పాపం మీదే. మీ తర్వాత ఎవరు చూస్తారు వాటిని?" అని పెట్టేశాడు. మరుసటి ఉత్సవానికి ముబారక్‌కి పిలుపు రాలేదు.

మాష్టారు అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ వానాకాలం పెట్టె తెరిస్తే కొన్ని రీళ్ళ అంచుల్లో తెల్లగా బూజు కనపడింది. ఒక ముఖం సగం తినేసింది. తన ఒక్కగానొక్క కూతురు హసీనా గుంటూరు ఆసుపత్రిలో నర్సు. ఫొటోలమీద ఆమెకి ఆసక్తి లేదు. ఉంచితే ఇలా పోతాయి, బయటపెడితే అలా పోతాయి. ఏది మంచిదో తేలక, చివరికి వాటిని కూడా స్కాన్ చేద్దామని కూర్చున్నాడు.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం స్టూడియో ముందు ఆటో ఆగింది. వెంకటరత్నమ్మ దిగింది. ముబారక్ లేచి నిలబడి కుర్చీ ముందుకు జరిపాడు. ఆమె పాత మాట ఎత్తలేదు. లోపలున్న ముసలామెకి చెయ్యి అందించి దింపుతూ, "ఈమె అంకమ్మ. మా పాలెం మనిషే. వాళ్ళాయన ఆ రాత్రి వలల దగ్గర ఉండిపోయాడంట. మీ దగ్గర ఫొటోలున్నాయని నేనే చెప్పా" అంది.

ముసలామెకి చూపు సరిగా ఆనదు. ఫొటోలు చూపించింది వెంకటరత్నమ్మే. ముఖం ముఖం పట్టుకుని, జుట్టెలా ఉంది, ఒంటిమీద ఏముంది, ఏ చేతికి ఏముంది, అన్నీ ఓపిగ్గా చెప్పింది. చెబుతూ చెబుతూ ఒకచోట, "దండచేతికి తాయెత్తుంది పిన్నీ. చిటికెనవేలు సగం లేదు" అంది.

అంకమ్మ ఆ ఫొటోని కళ్ళకి ఆనించి చూసింది. "తెడ్డు కింద నలిగిపోయింది ఆ వేలు" అంది. ఏడవలేదు. ఇసకలో ఒంటిమీద గుడ్డలేకుండా పడున్న మనిషి మీద అరచెయ్యి కప్పింది.

సుల్తానా ఆమె భుజం పట్టుకుంది. ముబారక్ నెమ్మదిగా, "పెద్దది చేసిమ్మంటావా అమ్మా? ముఖం వరకే చేసిస్తా" అన్నాడు.

"వద్దు నాయనా. చూశా. చాలు." అరచెయ్యి తియ్యకుండానే అడిగింది. "ఇది తీసిన రీలు ఉంటుందంటగా. అది కూడా ఇచ్చెయ్యి. ఈయన్ని ఇట్టా ఇంకెవరూ చూడకూడదు."

ముబారక్ సుల్తానా వైపు చూశాడు. ఆ ముక్క ఇంకా స్కానర్‌దాకా రాలేదు. ఇచ్చేస్తే ఆ మనిషి ఆనవాలు ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు. పారేయకండమ్మా, పారేయకండి అని ఊళ్ళన్నీ తిరిగి బతిమాలిన నోరు ఇప్పుడేం చెప్పాలి? "భద్రంగా ఉంచుతా అమ్మా, ఎవరికీ చూపించను" అని మొదలుపెట్టాడు.

"నువ్వు పోయాక?" అంది అంకమ్మ.

వెంకటరత్నమ్మ అతని ముఖంలోకే చూస్తోంది.

అతను రీలు తీసి వెలుతురుకెత్తి చూశాడు. ఆ ముక్కకి అటొకరు, ఇటొకరు. కత్తెర తీసుకుని, పక్కవాళ్ళకి తగలకుండా జాగ్రత్తగా కత్తిరించి, ప్రింటుతో కలిపి బటర్ పేపర్లో చుట్టి ముసలామె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

"నిజాంపట్నం బస్సు ఎన్నింటికి?" అని అడిగింది వెంకటరత్నమ్మ. "సముద్రానికి పోదామంటోంది, అందులో కలిపేయడానికి."

ముబారక్ టైము చెప్పాడు. గడప దాటుతూ ఆమె వెనక్కి తిరిగి, "మా వాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. తీసుకురానా అన్నయ్యగారూ?" అంది.

"తీసుకురామ్మా" అన్నాడతను.

వాళ్ళు వెళ్ళాక కత్తిరించిన రీలు ముక్కలు రెండూ చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. చేసింది మంచో చెడో సుల్తానాని అడుగుదామనుకున్నాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది.